ఫోరెన్సిక్ ఇంజినీరింగ్‌పై ఆసక్తి: వేసవిలో టెస్టింగ్ ల్యాబా, డిజైన్ ఆఫీసా?

ప్రశ్న: నేను కాకినాడలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ వేసవిలో రెండు నెలలు, చివరి సెమిస్టర్‌లో మరోసారి మాకు ఇంటర్న్‌షిప్ ఉంటుంది. కూలిన, దెబ్బతిన్న కట్టడాలను పరిశీలించి కారణం తేల్చే ఫోరెన్సిక్ ఇంజినీరింగ్ మీద నాకు ఆసక్తి. ప్రస్తుతం మూడు అవకాశాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఒక స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ స్టైపెండ్ లేకుండా, భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్ ఈటాబ్స్ మీద పని నేర్పుతామంటోంది. విశాఖపట్నంలో మా బంధువులకు తెలిసిన ఒక టెస్టింగ్ ల్యాబ్ పాత భవనాలకు పరీక్షలు చేస్తుంది, అడిగితే తీసుకోవచ్చు. మూడోది, ఆరు వేల రూపాయలు కడితే నాలుగు వారాల్లో ‘ఫోరెన్సిక్ స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ ఇంటర్న్‌షిప్’ సర్టిఫికెట్ ఇస్తామంటున్న ఆన్‌లైన్ సంస్థ. మా నాన్నగారు మాత్రం ‘పాత బిల్డింగుల చుట్టూ తిరిగే పని నీకెందుకమ్మా, ఆఫీసులో కంప్యూటర్ పని చూసుకో’ అంటున్నారు. తర్వాత అమెరికాలో ఎంఎస్ చేసి ఇదే రంగంలో స్థిరపడాలని ఉంది. ఏది ఎంచుకోమంటారు?
– ఒక విద్యార్థిని, కాకినాడ

సమాధానం: ఈ వేసవికి విశాఖపట్నం ల్యాబ్‌కు వెళ్లండి. హైదరాబాద్ కన్సల్టెన్సీతో తెగతెంపులు చేసుకోకుండా, చివరి సెమిస్టర్‌లో చేరతానని మర్యాదగా ఉత్తరం రాసి ఆ అవకాశాన్ని నిలుపుకోండి. ఆరు వేల రూపాయలు మీ దగ్గరే ఉంచుకోండి. విద్యార్థి దగ్గర డబ్బు తీసుకుని ఇచ్చేది శిక్షణ కావచ్చు కానీ ఇంటర్న్‌షిప్ కాదు. శిక్షణను శిక్షణ అని చెప్పి ఫీజు తీసుకునే సంస్థలతో పేచీ లేదు. కానీ ఒక్క భవనం గడప కూడా తొక్కించకుండా ‘ఫోరెన్సిక్’ అనే ముద్ర వేసి పంపే కాగితానికి ఈ వృత్తిలో ఉన్నవారి దగ్గర విలువ ఉండదు. పైగా ఇంటర్వ్యూలో ‘మీరు పరిశీలించిన భవనంలో లోపమేమిటి’ అని మొదటి ప్రశ్న వేయగానే ఆ కాగితం మీకే ఇబ్బంది తెస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. బీటెక్ విద్యార్థి నేరుగా ప్రవేశించడానికి ఫోరెన్సిక్ ఇంజినీరింగ్‌కు ప్రత్యేకమైన ద్వారం మన దగ్గర దాదాపుగా లేదు. ఈ పని చేస్తున్నవారిలో ఎక్కువ మంది ముందు కొన్నేళ్లు డిజైన్‌లోనో, సైటులోనో, మరమ్మతుల్లోనో పనిచేసి, ఆ అనుభవంతో వైఫల్యాల పరిశీలనకు వచ్చినవారే. కాబట్టి మీరు వెతకవలసినది బోర్డు మీద ‘ఫోరెన్సిక్’ అని రాసుకున్న సంస్థను కాదు, ఇప్పటికే నిలబడి ఉన్న కట్టడంతో, అందులోనూ ఒంట్లో బాగాలేని కట్టడంతో, రోజూ పని ఉండే చోటును. స్ట్రక్చరల్ ఆడిట్ (కట్టడం దృఢత్వ తనిఖీ), మరమ్మతులు, బలోపేతం, పరీక్షలు, ఏ పేరుతో ఉన్నా ఫరవాలేదు. ఈ రకం పని ముంబైలో ఎక్కువగా కనిపించడానికి కారణం అక్కడి చట్టమే. 30 ఏళ్లు దాటిన భవనాలకు స్ట్రక్చరల్ ఆడిట్ చేయించాలనే నిబంధన ఉండటంతో ఆ పని మీదే నడిచే సంస్థలు అక్కడ ఏర్పడ్డాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని టెస్టింగ్ ల్యాబ్‌లు, రిపేరు కాంట్రాక్టర్లు, కొందరు కన్సల్టెంట్లు, ఇంజినీరింగ్ కళాశాలల ఆచార్యుల మధ్య చెదిరి ఉంది. అందుకే మీకు దొరుకుతున్న విశాఖ అవకాశం చిన్నదేమీ కాదు.

ముందు ల్యాబ్, తర్వాత డిజైన్ ఆఫీసు అని ఎందుకంటున్నానో చెబుతాను. ఎదురు వాదన కూడా బలమైనదే: భారం ఎటునుంచి ఎటు దిగుతుందో తెలియనివారు చేసే కొలతలు వట్టి అంకెలే. అయితే మూడో ఏడు ముగిసేసరికి మీరు ఆర్‌సీసీ (ఇనుప ఊచలతో బలపరిచిన కాంక్రీటు) డిజైన్ చదివే ఉంటారు కనుక ఆ మాత్రం పునాది మీకుంది. డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరిన విద్యార్థికి తెర మీద కనిపించే కాలమ్ ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది, దానిలోని కాంక్రీటు ఎప్పుడూ అనుకున్న ఎం25 గ్రేడుగానే ఉంటుంది, నిలువు ఊచలను చుట్టే రింగులు గీసిన దూరంలోనే ఉంటాయి. అసలు భవనంలో ప్లాస్టరు తీసి, లోపలి ఊచలను పసిగట్టే కవర్ మీటర్‌తోనూ ఇతర పరీక్షలతోనూ చూసినప్పుడు ఆ మూడూ అబద్ధం కావచ్చు. ఒక్కసారి అది కళ్లారా చూసి వెళితే తర్వాత ఈటాబ్స్ ముందు కూర్చున్నా మీరు అడిగే ప్రశ్నలు మారిపోతాయి. ఇంకొక మాట, ఉద్యోగాలు ఎక్కువగా డిజైన్ వైపునుంచి వస్తాయి కాబట్టి పట్టా చేతికొచ్చే ముందు సెమిస్టర్‌లో అక్కడ ఉండటమే లాభం.

ల్యాబ్‌లో మీకు ప్రమాదమొకటే, రెండు నెలలూ రీడింగులు రాసుకునే మనిషిగానే మిగిలిపోవడం. అలా కాకూడదంటే ప్రతి పరీక్ష దేన్ని చెప్పగలదో, దేన్ని చెప్పలేదో తెలుసుకుని వెళ్లాలి. కాంక్రీటుకు తగిలి ఎంత వెనక్కి ఎగిరిందో చూసి బలాన్ని అంచనా వేసే రీబౌండ్ హామర్‌నే తీసుకోండి. ప్లాస్టరు కొట్టి, కాంక్రీటును రాయితో నున్నగా రుద్ది, హామర్‌ను తలానికి లంబంగా పట్టి నొక్కుతారు. అది పక్కకు పట్టామా, పైకి పట్టామా, కిందికి పట్టామా అన్నదాన్నిబట్టి కూడా అంకె మారుతుంది. వచ్చిన అంకెనుంచి లెక్కగట్టిన బలంలో 25 శాతం వరకు అటూ ఇటూ తేడా ఉండవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 13311 రెండో భాగమే ఒప్పుకుంది. ఆ పరీక్షలిప్పుడు ఐఎస్ 516 ఐదో భాగంలోకి మారాయి, ల్యాబ్‌లో ఏ సంచిక వాడుతున్నారో చూసుకోండి. పైగా పాత కాంక్రీటు పైపొర గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల కార్బొనేట్ అయి గట్టిపడుతుంది కాబట్టి హామర్ లోపల లేని బలాన్ని చూపిస్తుంది. ముప్పై ఏళ్ల కాలమ్ కొత్త కాలమ్ కంటే బలమైనదని రిపోర్టు వస్తే సంతోషించడం కాదు, అనుమానించడం నేర్చుకోవాలి.

కట్టడంలోంచి స్తూపంలాంటి కాంక్రీటు ముక్కను (కోర్) కోసి తీసి నలిపి చూసే కోర్ పరీక్ష కొంత నమ్మదగినదే, కానీ దాన్ని చదవడంలోనూ ఒక మెలిక ఉంది. ఐఎస్ 456 ప్రకారం కనీసం మూడు కోర్లు తీయాలి, వాటి సమాన ఘన బలం (ఘనాకారపు నమూనాకు సరిపోల్చి లెక్కగట్టిన బలం) సగటున ఆ గ్రేడు బలంలో 85 శాతానికి తగ్గకూడదు, విడిగా ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఎం25 అనుకోండి, అంటే చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం. హద్దులు చదరపు మిల్లీమీటరుకు 21.25, 18.75 న్యూటన్లు. మూడు కోర్లు 24, 22, 18 ఇచ్చాయి. సగటు 21.33, కనుక మొదటి షరతు దాటింది. 18 మాత్రం రెండో షరతులో తప్పింది, కాబట్టి ఆ కాంక్రీటు ఆమోదం పొందదు. సగటు ఒక్కటే రాసి ఊరుకున్న రిపోర్టు ఎంత పొరపాటు చేస్తుందో చూడండి. ఈ నిబంధన ఉన్నది కొత్తగా పోసిన కాంక్రీటు విషయంలో తగవు తీర్చడానికి అన్నది కూడా గుర్తుంచుకోండి. పాత భవనానికి అదే గీటురాయిని కళ్లు మూసుకుని పెట్టకూడదు. అక్కడ అడగవలసిన ప్రశ్న, ఆ 18 వచ్చిన కాలమ్ మీద ఇప్పుడు ఎంత భారం ఉంది, ఆ బలం దానికి సరిపోతుందా అన్నది.

మీది కాకినాడ కాబట్టి ఉప్పుగాలి సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. సముద్రానికి దగ్గరి ఇళ్లలో సజ్జల అడుగున ఊచ వెంబడి సన్నని పగులు, దాని అంచున గోధుమరంగు చార, కొన్నాళ్లకు పెచ్చులూడటం మీరు చూసే ఉంటారు. తుప్పు పట్టిన ఇనుము తన మొదటి పరిమాణానికి కొన్ని రెట్లు ఉబ్బి, ఊచను కప్పి ఉన్న కవర్ కాంక్రీటును బయటకు నెట్టడమే దానికి కారణం. ఇక్కడ ల్యాబ్‌వారు ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లి చూస్తారు. కొత్తగా పగలగొట్టిన ముఖం గులాబీరంగుకు మారితే ఆ భాగంలో ఇనుమును తుప్పునుంచి కాపాడే క్షారగుణం మిగిలి ఉన్నట్టు, రంగు రాకపోతే కార్బొనేట్ అయినట్టు. రంగులేని పొర లోతును మిల్లీమీటర్లలో కొలిచి ఊచ మీది కవర్‌తో పోలుస్తారు. అంతా గులాబీగా ఉందని ఊచ క్షేమమని రాసేస్తే తీరప్రాంతంలో తప్పు జరిగినట్టే. ఫినాఫ్తలీన్‌కు క్లోరైడ్ కనిపించదు. ఉప్పు లోపలికి చేరితే కాంక్రీటు చక్కని గులాబీరంగులో ఉండగానే ఇనుము తుప్పు పడుతుంది. దానికి వేర్వేరు లోతుల్లో పొడి తీసి క్లోరైడ్ శాతం చూడాలి, తుప్పు అవకాశాన్ని సూచించే హాఫ్ సెల్ పొటెన్షియల్ అనే విద్యుత్ కొలత తీసుకోవాలి. ‘ఇక్కడ క్లోరైడ్ పరీక్ష ఎందుకు చేయలేదు’ అని మీరు వినయంగా అడిగితే, మీ చేతిలోని రీడింగుల పుస్తకం పక్కన పెట్టించి రిపోర్టు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టే అవకాశం ఎక్కువ.

ఆ రిపోర్టు బల్ల దగ్గర నేర్చుకోవలసినది ఒకటి ఉంది, నా దృష్టిలో ఈ రంగానికి ప్రాణం అదే: చూసినదాన్ని, ఊహించినదాన్ని వేరువేరుగా రాయడం. ‘సెటిల్‌మెంట్ (పునాది కుంగడం) వల్ల గోడ పగిలింది’ అన్నది పరిశీలన కాదు, తీర్పు. ‘ఈశాన్య మూల గదిలో కిటికీ కింది మూలనుంచి నేల వైపు ఏటవాలుగా పగులు ఉంది, పైన 3 మిల్లీమీటర్లు, కింద 1 మిల్లీమీటరు వెడల్పు, అంచులు మాసిపోయి ఉన్నాయి, లోపల సున్నం రంగు కనిపిస్తోంది’ అన్నది పరిశీలన. పగులులోకి రంగు దిగి ఉంటే అది రంగు వేయకముందే పుట్టిందని తెలుస్తుంది. అంచులు పదునుగా, శుభ్రంగా ఉంటే ఈమధ్యదని అనుమానించవచ్చు. ఈ వివరాలు రాసి ఉంటే మీతో ఏకీభవించని ఇంజినీరు కూడా మీ నోటు చదివి తన నిర్ణయానికి రాగలడు. రాయకపోతే ప్లాస్టరు పూసిన మర్నాడే సాక్ష్యం మాయమవుతుంది. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. ముందు దూరంనుంచి ఒకటి, తర్వాత దగ్గరనుంచి ఒకటి తీయండి. ఏ గదో తెలియని రెండు వందల పగుళ్ల ఫొటోలు ఎవరికీ పనికిరావు.

ఈ జాగ్రత్తకు ఇంకో కారణం ఉంది. ఇలాంటి రిపోర్టు రేపు కోర్టుకో, విచారణ సంఘానికో వెళ్లవచ్చు. నిపుణుల అభిప్రాయాన్ని సాక్ష్యంగా స్వీకరించే నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్‌లో ఉంది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతూ ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, శిథిలాల కింద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి వలస వెళ్లిన కూలీలు ఎందరో ఉన్నారు. దాని మీద తమిళనాడు ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. పక్కనే నిలిచి ఉన్న జంట భవనాన్ని 2016 నవంబరులో కూల్చివేశారు. ఇలాంటి చోట ఒక్కో రీడింగు ఒకరి బాధ్యతను నిర్ణయిస్తుంది. కాబట్టి సైటులో తీసిన ఫొటో మీ వాట్సాప్ స్టేటస్‌లోకి రాకూడదు, యజమాని పేరు స్నేహితుల దగ్గర కూడా అనకూడదు, అడిగిన అపార్ట్‌మెంట్‌వాసికి ‘ఫరవాలేదండీ’ అనో ‘ప్రమాదమండీ’ అనో మీరు చెప్పకూడదు. రిపోర్టు మీద సంతకం చేయమని ఎవరైనా అడిగితే సున్నితంగా నిరాకరించండి, అది అర్హత ఉన్న ఇంజినీరు చేయవలసిన పని.

హైదరాబాద్ కన్సల్టెన్సీకి వెళ్లినప్పటి సంగతి కొంత క్లుప్తంగా. సాఫ్ట్‌వేర్ ఆదేశాలు నెల తిరిగేసరికి ఎవరికైనా వస్తాయి, వాటికోసం తాపత్రయపడవద్దు. ప్రతి మోడల్‌కూ మొత్తం రియాక్షన్‌ను (పునాదుల దగ్గర వచ్చే ఎదురు బలాన్ని) చేత్తో లెక్కగట్టిన భారంతో పోల్చే అలవాటు చేసుకోండి. మామూలు ఆర్‌సీసీ నివాస భవనంలో అంతస్తుకు చదరపు మీటరుకు సుమారు 10 నుంచి 15 కిలోన్యూటన్లు వస్తుంది. మీ మోడల్ 6 చూపిస్తుంటే గోడలు వేయడం మరిచినట్టే. కొత్త డిజైన్లతో పాటు పాత భవనం తనిఖీ ఏదైనా వస్తే దానిలో వేయమని అడగండి, అప్పుడు పాత ఆర్‌సీసీ భవనాలు భూకంపానికి తట్టుకుంటాయో లేదో అంచనా వేసి బలపరిచే ప్రమాణం ఐఎస్ 15988:2013 చదవవలసి వస్తుంది. మన పట్టణాల్లో కింద పార్కింగ్ వదిలి పైన గోడలతో నింపే స్టిల్ట్ అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అదే తరహా భవనాలు కూలాయి. మీ మోడల్‌లో ఆ కింది అంతస్తు మెతకదనం ఎలా కనిపిస్తుందో మీ సీనియర్‌తో కూర్చుని చూడండి.

ఈలోగా ఇంట్లో కూర్చుని చేయదగిన లెక్క ఒకటి చెబుతాను. 1981 జులై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లోపలి వేలాడే నడకదారులు కూలి 114 మంది మరణించారు. మొదట గీసిన దానిలో పైకప్పునుంచి దిగిన ఒకే కడ్డీ నాలుగో అంతస్తు దారి గుండా రెండో అంతస్తు దారి దాకా వెళుతుంది. కట్టేటప్పుడు దాన్ని రెండుగా విడదీశారు: పైకప్పునుంచి నాలుగో అంతస్తుకు ఒక కడ్డీ, అక్కడి దూలానికే కట్టిన ఇంకో కడ్డీ రెండో అంతస్తుకు. రెండు బొమ్మలూ కాగితం మీద వేసి, నాలుగో అంతస్తు దూలం కింది నట్ మీద పడే బలాన్ని ఫ్రీ బాడీ డయాగ్రమ్‌తో (ఒక్క భాగాన్నే విడిగా గీసి దాని మీది బలాలను చూపే బొమ్మతో) మీరే తీయండి. రెండో బొమ్మలో ఆ నట్ రెండు దారుల బరువునూ మోయాలి, అంటే రెట్టింపు. మొదటి బొమ్మ కూడా ఆ నగర నిబంధన కోరిన బలానికి సరిపోలేదని ప్రభుత్వ దర్యాప్తు తేల్చింది. రెండో సంవత్సరం మెకానిక్స్ చాలు ఈ లెక్కకు. డ్రాయింగ్‌లో మార్పు వచ్చినప్పుడు ఆ లెక్కను మళ్లీ ఎవరూ వేయలేదన్నదే ఇందులో తెలుసుకోవలసింది. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ దర్యాప్తు నివేదికలు, బ్రిటన్‌లో మొదలైన క్రాస్ సంస్థ ప్రచురించే పేరు చెప్పని భద్రతా నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. భారతీయ ప్రమాణాలను కూడా వాటిని రూపొందించే సంస్థ బీఐఎస్ ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకోనిస్తోంది. ఆ ఆరు వేలకు బదులు మీకు ఖర్చయ్యేది సమయమే.

అమెరికా గురించి ఇప్పుడే ఎక్కువ ఆలోచించనవసరం లేదు. అక్కడ ఫోరెన్సిక్ సంస్థలు చూసేది ప్రధానంగా స్ట్రక్చరల్‌లో ఎంఎస్, గట్టి రచనా నైపుణ్యం, ఎఫ్‌ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) పరీక్ష. ఎఫ్-1 వీసా మీద చదివేవారు సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) కింద ఇంటర్న్‌షిప్ చేయగలరు. దరఖాస్తుతో పంపే ఎస్‌ఓపీ వ్యాసంలో ‘ఫోరెన్సిక్ అంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం’ అని రాసే వందమందిలో, ఒక తీరప్రాంతపు భవనంలో గులాబీరంగు కాంక్రీటు లోపల తుప్పుపట్టిన ఊచను తానే చూశానని రాయగలవారు తక్కువ. ఇక ల్యాబ్ కాదంటే నిరుత్సాహపడకండి. చెన్నైలోని సీఎస్‌ఐఆర్ స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రానికి, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని భూకంప ఇంజినీరింగ్ కేంద్రానికి మీ హెచ్‌ఓడీ ద్వారా రాసి చూడండి. ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్‌ను కూడా గమనిస్తూ ఉండండి.

మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయవద్దు, దానిలో సగం నిజం ఉంది. శిథిలావస్థలో ఉన్న భవనం ఎవరికైనా ప్రమాదమే, ఆడపిల్లకే కాదు. అందుకని ఆయనతో వాదించడం కంటే ల్యాబ్‌ను కొన్ని ప్రశ్నలు అడిగి ఆ జవాబులు ఆయన ముందు పెట్టండి. సైటుకు ఎవరితో పంపుతారు, సాయంత్రం ఎన్నింటికి తిరిగి వస్తారు, హెల్మెట్, బూట్లు, ఎత్తులో పనికి బెల్టు వారే ఇస్తారా, ఇంటర్న్‌లకు ప్రమాద బీమా ఉందా, పని జరిగే చోట టాయిలెట్ ఉంటుందా? వీటికి సూటిగా జవాబు చెప్పలేని ల్యాబ్ అయితే బంధువుల పరిచయం ఉన్నా సరే మానుకోండి. ఊతకోసం ప్రాప్‌లు (తాత్కాలిక స్తంభాలు) పెట్టి ఖాళీ చేయించిన భవనంలోకి ఇంజినీరు ముందు వెళ్లకుండా మీరు అడుగు పెట్టనని మొదటి రోజే చెప్పేయండి. మంచి ల్యాబ్ అయితే ఆ మాట మీరు అనకముందే వారే చెబుతారు.

దరఖాస్తుకు ఒక పేజీ చాలు. దానితో పాటు మీ ఇంటిదో, హాస్టల్‌దో ఏదో ఒక భవనం మీద నాలుగు పేజీల పరిశీలన నోటు తయారుచేసి జతపరచండి: ప్లాన్ గీసి, పగుళ్లకూ చెమ్మ మచ్చలకూ అంకెలు వేసి, చూసినవి ఒక వరుసలో, మీ అనుమానాలు ఇంకో వరుసలో. వర్షాలు మొదలయ్యేలోపు రిపేర్లు ముగించుకోవాలని యజమానులు తొందరపడతారు కనుక ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి ల్యాబ్‌లకు చేతినిండా పని ఉంటుంది. పరీక్షలయ్యాక చూద్దామనుకోకుండా ఈ నెలలోనే రాయండి. బంధువుల చేత ఫోన్ చేయించడం మీ మెయిల్ వెళ్లిన తర్వాతే పెట్టుకోండి.